లాకు దాకా నడిచిన టీచరమ్మ

రెబెక్కమ్మ గారి మాట వస్తే అందరూ ముందు ఆమె ఓర్పును పొగుడుతారు. ఆమెతో ఒకే బళ్ళో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి, నాకు నవ్వొస్తుంది. ఆమెకు ముక్కుమీద కోపం. సుద్దముక్క విరిగితే సుద్దముక్క మీద, గొడుగు తిరగబడితే గాలి మీద, ఆ రెండూ లేకపోతే నా మీద. ఆమెకు దండిగా ఉన్నది మొండితనం. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఆ మొండితనమే లేకపోతే మాల్యాద్రి ఏమైపోయేవాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

మా బడి పట్టపుపాలెంలో ఉండేది. తూర్పున సముద్రం, పడమర బకింగ్‌హాం కాలువ, మధ్యలో ఇసుక, ఆ ఇసుక మీద తాటాకు ఇళ్ళు. నాది కోవూరు. వరిచేల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి తెచ్చి ఇక్కడ పడేశారని మొదటి ఏడాదంతా సణుగుతూనే గడిపాను. చెప్పులో ఇసుక, చాపలో ఇసుక, అన్నంలో ఇసుక. రెబెక్కమ్మ గారు నాకంటే ముందే, యాభై ఏడులో, హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చారు. కావలి పక్క పల్లె ఆమెది. తండ్రి ఒక ఆసుపత్రిలో తోటమాలి. నెల్లూరులో ట్రైనింగు అయింది. పెళ్ళయిన కొత్తలోనే భర్త టైఫాయిడ్‌తో పోయాడు. ఎవరైనా మళ్ళీ పెళ్ళి ఊసెత్తితే, "ఈ బడి సంసారం చాలదా నాకు?" అనేవారు. ఆ సంసారంలో చీవాట్లు తినే వంతు రెండో టీచరుగా నాకు వచ్చింది.

ఐదో తరగతిలో కిటికీ పక్కన మీసాలొచ్చిన కుర్రాడు ఒకడు కూర్చునేవాడు. వాడే మాల్యాద్రి. పద్ధెనిమిదేళ్ళుంటాయి. ఐదు ఎప్పుడో పాసయ్యాడు, పుస్తకంలో ఏ పాఠం అడిగినా తడుముకోకుండా చదువుతాడు. కాలువ అవతలి హైస్కూలుకు పంపితే ఆ గోల పడలేక ఒక్క పూటకే చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చేశాడు. అప్పటినుంచి మా బళ్ళోనే, అదే కిటికీ పక్కన. మనిషి ముఖంలోకి చూడడు. భుజం మీద చెయ్యి వేస్తే నిప్పు తగిలినట్టు ఎగిరిపడతాడు. ఒంటి మీద చొక్కా నిలవదు. బాగా నలిగి మెత్తబడిన పంచె ఒక్కటే కడతాడు. సంతోషం వస్తే వేళ్ళు కళ్ళముందు ఆడించుకుంటాడు. ఇలాంటి పిల్లలకు ఇవాళ పెద్ద డాక్టర్లు ఏదో పేరు చెబుతున్నారట. అప్పట్లో మాకు తెలిసిన పేరు మాల్యాద్రి ఒక్కటే.

వాడికి ఒక అలవాటు. ఎదురుగా ఎవరు నడిచిపోతున్నా "యాడికి?" అని అడుగుతాడు. జవాబు చెబితే తలాడించి ఊరుకుంటాడు. చెప్పకపోతే వెంటపడి అడుగుతాడు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే ఏ ఊళ్ళోనైనా ముఖం మాడ్చుకుంటారు. మా కోవూరులో అయితే ఇంట్లోకి తిరిగివచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతారు. కాని పట్టపుపాలెంలో మగవాళ్ళు పోయేది సముద్రం మీదికి. అక్కడ ఆ మాటకు విలువ వేరు. తెప్ప అలల్లోకి తోసేవేళ ఎవడైనా "యాడికి?" అంటే తెప్పను మళ్ళీ ఒడ్డుకు లాగేస్తారు. ఆ రోజు వేట లేదు, ఆ రోజు పొయ్యిలో పిల్లి లేవదు.

మాల్యాద్రి తల్లి మస్తానమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకుని కాలువ దాటి మెట్ట ఊళ్ళకు అమ్మబోయేది. పొద్దున కొడుకును బళ్ళో వదిలితే సాయంత్రం వచ్చి తీసుకుపోయేది. వాడికి చదువు ఎంత వచ్చిందన్నది కాదు, పగలంతా వాడు ఒడ్డు మీదికి పోకుండా ఉంటే చాలు ఆమెకు. వాడి తండ్రి వేటకు పోయి తిరిగి రాలేదు. అప్పటికి మాల్యాద్రి చిన్నపిల్లవాడు. ఆ ఇంటిని మోసేది తండ్రి తమ్ముడు చిన్నపోలయ్య.

అరవై ఒకటి జనవరిలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కిటికీ పక్కన మాల్యాద్రిని చూసి నమస్కారం పెట్టి, "ఈయన కొత్త మాస్టరా?" అని నన్నడిగారు. సంగతి తెలిశాక ఆయన ముఖం ఎర్రబడింది. పిల్లల మధ్య ఇంత మనిషిని కూర్చోబెట్టుకోవడం ఏమిటి, పరీక్షలు కాగానే, వేసవి సెలవులతో పేరు కొట్టేయండి అన్నారు. ఆయన వెళ్ళబోతుంటే మాల్యాద్రి లేచి నిలబడి, "యాడికి?" అన్నాడు. జవాబు రాలేదు. గుమ్మం దాటాక ఆయన ఒకసారి ఆగి, వెనక్కి వచ్చి, మా కుండలో మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

ఈ కబురు చిన్నపోలయ్య చెవిన పడింది. మర్నాడే బడికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"పగలు ఈణ్ణి ఎవురు చూస్తారు టీచరమ్మా? మా తెప్ప ఎక్కేదానికి ఒక్కడు రాడు. ఈడు ఒడ్డు మీద ఉండాడంటే ఊరు ఊరంతా నన్ను తిడతా ఉండాది. దచ్చిణాన ఒక మఠం ఉండాదంట. ఇట్టాంటోళ్ళని ఆడ స్తంభానికి గొలుసేసి పెడతారంట. బడి మూసేరోజు తీసకపోయి ఆడ ఇడిచిపెట్టేస్తా."

"గొలుసేసి ఎన్నాళ్ళు?" అన్నారు రెబెక్కమ్మ గారు.

"నయమయిందాకా."

"నయమయ్యేదానికి వాడికి రోగమేముంది?"

చిన్నపోలయ్య చెడ్డవాడు కాడు. రెండు సంసారాలు ఈడుస్తున్న మనిషి, విసిగిపోయి ఉన్నాడు. రెబెక్కమ్మ గారు అతని ముఖం ముందు వేలు ఆడిస్తూ, "సెలవులిచ్చేలోపల వీడికి పని చూపిస్తా. చూపించలేకపోతే అప్పుడొచ్చి మాట్లాడు" అన్నారు. అతను వెళ్ళాక నేను, ఎక్కడ చూపిస్తారండీ ఈ ఇసుకలో అన్నాను. ఆమె నా మీద కూడా వేలు ఆడించారు.

మొదట వలల పాకలో పెట్టారు. చినిగిన వలలు బాగుచేసే పని. మాల్యాద్రి వేళ్ళు ఆ పనికే పుట్టినట్టు కదిలాయి. పాక పెద్దమనిషికి తెగ నచ్చాడు. ఒకరోజు తెల్లవారుతూ వేటకు పోయేవాళ్ళు వలలు భుజాన వేసుకుంటుంటే వీడు తలెత్తి "యాడికి?" అన్నాడు. వాళ్ళు వలలు అక్కడే పడేసి ఇంటికి పోయారు. మాల్యాద్రిని ఆ పూటే పంపేశారు.

అప్పుడు రెబెక్కమ్మ గారికి పంతం వచ్చింది. ఈ ఒక్క మాట మాన్పిస్తే చాలు, వాడు ఎక్కడైనా బతికేస్తాడు అన్నారు. ముందు, 'యాడికి' అనకుండా 'ఎందాకా' అని అడగమని నేర్పారు. మర్యాదస్తులు అలాగే కదా అడిగేది! వాడు ఒప్పుకోలేదు. వాడికి తెలియాల్సింది ఎక్కడికన్నదే. దాంతో అసలు అడగడమే మాన్పించడానికి పూనుకున్నారు. వాడు నోరు తెరిస్తే చాలు, "అడగబాక!" అని పెదాల మీద వేలు పెట్టుకునేవారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పని. ఫిబ్రవరి వెళ్ళేసరికి ఆమె గెలిచారు. మాల్యాద్రి "యాడికి?" అనడం మానేశాడు.

దాంతోపాటు అన్నీ మానేశాడు. పాఠం చదవడం మానేశాడు. అన్నం అడగడం మానేశాడు. కిటికీ వైపు తిరిగి గోడకు తల ఆనించుకుని కూర్చునేవాడు. ఒకరోజు మస్తానమ్మ వేళకాని వేళ గంపతో సహా బళ్ళోకి వచ్చింది. పిల్లల ముందే గంప దించింది. ఆమె గొంతు పెంచడం నేను అదే మొదటిసారి విన్నాను.

"నా బిడ్డ నోరు మీరు మూసేసినారు టీచరమ్మా. వాళ్ళ నాయన పొయిన పొద్దు ఈడు యాడికి నాయనా అని అడిగినాడు. ఆయన విసుక్కొని జవాబు చెప్పకుండానే పొయినాడు. మళ్ళీ రాలా. ఊళ్ళో అందురూ ఈడు అడిగినందుకే పొయినాడంటారు. నాకు తెలుసు, జవాబు చెప్పకుండా పొయినాడనే ఈడు ఆ పొద్దునించి అందుర్నీ అడగతా ఉండాడు. ఆ మాట కూడా లేకపోతే ఈడికి ఇంకేం మిగిలుండాది?"

రెబెక్కమ్మ గారు కుర్చీలో కూలబడ్డారు. కోపంలో తప్ప ఆమె కళ్ళు ఎర్రబడటం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. పిల్లల్ని పంపేశాక, "నోరు నొక్కేశాను పద్మనాభయ్య గారూ. పని చూపిస్తానని చెప్పి వాడి నోరు నొక్కేశాను" అన్నారు. నేను ఓదార్చబోతే, "మీరు ఊరుకోండి" అని కసిరారు. ఆ కసురు వినపడ్డాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మర్నాటి నుంచి బళ్ళో కొత్త పద్ధతి. ఎవరు గుమ్మం దాటినా మాల్యాద్రి ముందు ఆగి, ఎక్కడికి పోతున్నదీ వాడు అడగకుండానే చెప్పాలి. "మాల్యాద్రన్నా, నీళ్ళు తాగను పోతా ఉండా." "మాల్యాద్రన్నా, మా అమ్మ కాడికి పోతా ఉండా." పిల్లలకు ఇది మంచి ఆట అయింది. నాకే సిగ్గు. చుట్ట కాల్చుకోవడానికి బడి వెనక్కి పోతూ అంత పొడుగు కుర్రాడి ముందు నిలబడి చెప్పుకోవాలి. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం నేను చెప్పడం మరిచి గుమ్మం దాటుతున్నాను. వెనకనుంచి "యాడికి?" అని వినపడింది. రెబెక్కమ్మ గారు చేతిలో పుస్తకం కింద పడేసి, "చెప్పండి, చెప్పండి, ముందు జవాబు చెప్పండి!" అని నా మీద అరిచారు. చుట్ట కాల్చుకోవడానికి అని ఊరంతా వినపడేలా చెప్పాను.

వాడి మాట తిరిగి వచ్చింది. పని మాత్రం దొరకలేదు. సెలవులు ముంచుకొస్తున్నాయి. అప్పుడే ఒకరోజు పంచాయతీ సమితి ఆఫీసుకు పోవడానికి నేనూ ఆమే కాలువలో పడవ ఎక్కాం. ఊరికి పడమర సరుగుడు తోపు దాటితే లాకు. లాకు అంటే కాలువకు అడ్డంగా కట్టిన రెండు జతల తలుపులు. పడవ మధ్యలోకి రాగానే వెనక జత మూసి, రెండు పక్కలా నీటిమట్టం ఒకటయ్యాక ముందు జత తీస్తారు. ఈ పని చేసేవాణ్ణి లస్కరు అంటారు. ఓబులేసు అనే ముసలి లస్కరు గట్టు మీద నిలబడి, ఉబ్బసంతో ఆయాసపడుతూ, ముందున్న ఉప్పు పడవను అడుగుతున్నాడు. "ఏ ఊరు? యాడికి? ఏం సరుకు?" ఉప్పు పడవవాడు చెప్పాడు. వెనక కట్టెల పడవ. "ఏ ఊరు? యాడికి? ఏం సరుకు?" వాడూ చెప్పాడు. ఎవరికీ కోపం లేదు. లాకు దగ్గర అడగడం సర్కారు రూలు, ఎక్కడికో చెప్పకపోతే తలుపు తీయరు.

రెబెక్కమ్మ గారు పడవలో దిగ్గున లేచి నిలబడ్డారు. పడవ ఊగింది. నేను నీళ్ళలో పడబోయి తమాయించుకున్నాను. "వినపడిందా మీకు?" అన్నారు. నాకు ఈత రాదని తప్ప ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు.

లాకు సూపర్నెంటు గారు పేపరు చదువుకోవడంలో తృప్తి ఎరిగిన మనిషి. ఓబులేసుకు జోడీగా ఉండే లస్కరు రిటైరై, ఆ చోటు ఖాళీగా ఉంది. రెబెక్కమ్మ గారు ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేదాకా ఊరుకోలేదు. ముందు రోజుకూలీగా పెట్టుకోండి, పొద్దున నేనే దగ్గరుండి పని నేర్పిస్తాను, ఏదైనా జరిగితే నన్నడగండి అన్నారు. ఆమెను వదిలించుకోవడానికి ఆయన సరే అన్నారేమో, నాకైతే అలాగే అనిపించింది.

పని నేర్పడంలో ఆమె చూపిన జాగ్రత్త బళ్ళో నా మీద చూపించి ఉంటే నేను ఈ పాటికి గొప్ప పండితుణ్ణయ్యేవాణ్ణి. మొదటిరోజు పడవలు లేని వేళ చూసి మాల్యాద్రిని తీసుకుపోయారు. పనేమీ చెప్పలేదు. వాడు తలుపులు తడిమాడు, నీళ్ళు వదిలే చక్రం తడిమాడు, బోర్లా పడుకుని నీళ్ళు పైకి రావడం చూశాడు. వేళ్ళు కళ్ళముందు ఆడాయి. తర్వాత ఒక్కొక్క పనే. వెనక తలుపు మూయడం బాగా వచ్చాకే చక్రం. చక్రం వచ్చాకే ముందు తలుపు. లాకు గోడ మీద ఏది తర్వాత ఏది చేయాలో సుద్దతో బొమ్మలు వేశారు. వాడి పక్కన నిలబడే ఆమె కొన్నాళ్ళకు గట్టు మీదికి జరిగారు, ఆ తర్వాత గట్టు కిందికి. రోజూ తెల్లవారుతూ సరుగుడు తోపులోంచి నడిచిపోయి, బడి వేళకు చెప్పులు చేతపట్టుకుని వగరుస్తూ తిరిగి వచ్చేవారు.

ఓబులేసుకు కూడా పాఠాలు చెప్పారు. వాడి భుజం తట్టబాక. ఒకేసారి రెండు పనులు చెప్పబాక. ఇప్పుడే వస్తానని చెప్పి పొద్దుగూకి రాబాక, వాడు అక్కడే నిలబడి చూస్తుంటాడు.

"ఏంది టీచరమ్మా, ఈడు లస్కరా, కొత్తల్లుడా?" అన్నాడు ఓబులేసు.

కాని కొన్నాళ్ళకు ముసలాడికి కూడా తెలిసివచ్చింది. తన ఉబ్బసానికి ఆ మూడు ప్రశ్నలు అడగడమే పెద్ద శిక్ష. మాల్యాద్రి అడుగుతుంటే తాను నీడన కూర్చోవచ్చు. వాడు ఏ పడవనూ వదిలిపెట్టడు, ఎన్నిసార్లయినా విసుక్కోడు. అడిగిన ప్రతివాడూ జవాబు చెబుతాడు. తలుపు తెరుచుకోవాలి కదా. జవాబు విన్న ప్రతిసారీ వాడి ముఖంలో వచ్చే నెమ్మదిని చూస్తే నాకే కడుపు నిండినట్టుండేది. పుట్టిన ఊళ్ళో దొరకని జవాబులు వాడికి కాలువ నిండా దొరికాయి.

ఒక్కటే చిక్కు. లస్కరంటే ఖాకీ కోటు, దాని మీద ఇత్తడి బిళ్ళ ఉండాలి. ఆ ముతక గుడ్డ ఒంటికి తగిలితే మాల్యాద్రి కేక పెట్టి విసిరేసేవాడు. రోజుకూలీ కదా, పోనీలెమ్మని సూపర్నెంటు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

మేలో, సెలవులకు కోవూరు పోదామని నేను పెట్టె పట్టుకుని లాకు దగ్గర పడవ కోసం నిలబడ్డాను. రెబెక్కమ్మ గారు ఆ పూట రాలేదు. మామిడి తోరణాలు కట్టిన పడవ ఒకటి వచ్చింది. పెళ్ళివారు. బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు, సన్నాయి, పట్టుచీరలు. మాల్యాద్రి పంచెతో, చొక్కా లేని ఒంటితో ఎదురుగా నిలబడి, "ఏ ఊరు? యాడికి? ఏం సరుకు?" అన్నాడు.

సన్నాయి ఆగిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి పడవలోంచి గట్టు మీదికి దూకాడు. "ఎవుడ్రా నువ్వు? పిల్లోణ్ణి పెండ్లికి తీసకపోతా ఉంటే ఎదురొచ్చి యాడికంటావా? నా కొడుకు సరుకా?" పడవలో ఆడవాళ్ళు పడవ వెనక్కి తిప్పమంటున్నారు. తిప్పితే ముహూర్తం దాటిపోతుంది, తిప్పకపోతే అపశకునం. మాల్యాద్రికి ఆ అరుపులేమీ పట్టలేదు. జవాబు రాలేదన్నదే వాడికి తెలిసింది. చక్రం మీద చెయ్యి వేసుకుని మళ్ళీ "యాడికి?" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి చెయ్యెత్తాడు. సూపర్నెంటు గారు పేపరు వదిలి పరుగెత్తుకొస్తూ, "పంపించేయండి వీణ్ణి, ఇవాళే పంపించేయండి!" అని కేకలు. సెలవులు వచ్చేశాయి. ఈ పని పోతే చిన్నపోలయ్య ఆగడు.

అప్పుడు ఓబులేసు లేచాడు. తన ఖాకీ కోటు విప్పి, వాడి ఒంటికి తగలకుండా వాడి ముందు గాల్లో ఎత్తి పట్టుకున్నాడు. బిళ్ళ ఎండకు మెరిసింది.

"సామీ, సూడండి. ఈడు అడగలా మిమ్మల్ని. గవుర్మెంటు అడగతా ఉండాది. మనిసి అడిగితే శకునం గానీ, గవుర్మెంటుకి శకునమేంది? పన్ను కట్టేటప్పుడు మంచిరోజు సూసి కడతా ఉండామా?"

పడవలో ఎవరో ఫక్కుమని నవ్వారు. పెళ్ళికొడుకు తండ్రి ఎత్తిన చెయ్యి దించాడు. కోటు వైపు చూశాడు, బిళ్ళ వైపు చూశాడు. "గవుర్మెంటయితే సరే" అని, గొంతు సవరించుకుని, తమ ఊరి పేరు, ఆడపెళ్ళివారి ఊరి పేరు చెప్పాడు. సరుకు దగ్గర కాసేపు తడబడి, "మనుషులు" అన్నాడు. మాల్యాద్రి తలాడించి చక్రం తిప్పాడు. సన్నాయి మళ్ళీ మొదలైంది.

సూపర్నెంటు గారి కోపం మాత్రం దిగలేదు. కోటు వేసుకుని నిలబడితే ఉండనిస్తా, మీ బడి తెరిచే నాటికి వేసుకోకపోతే పంపించేస్తా అన్నారు. నేను పడవ వదిలేసుకుని ఈ కబురు రెబెక్కమ్మ గారికి చెప్పి, మర్నాడు ఊరికి పోయాను. సెలవులంతా కోవూరులో నాకు అదే ఆలోచన. వరిచేలు కూడా రుచించలేదు.

జూన్‌లో తిరిగి వచ్చాక జరిగిందంతా మస్తానమ్మ చెప్పింది. రెబెక్కమ్మ గారు ఆ సెలవులకు కావలి పోలేదు. ఓబులేసు పాత కోటు ఒకటి అడిగి తెచ్చారు. దాన్ని మస్తానమ్మ రోజూ కాలువలో నానబెట్టి రాతి మీద బాదింది, ఇసుకలో ఎండేసింది, మళ్ళీ నానబెట్టింది. రెబెక్కమ్మ గారు కత్తెర పట్టుకుని కాలరు తీసేశారు, మెడకు గుచ్చుకునే కుట్లన్నీ విప్పి బయటివైపుకు కుట్టారు, గట్టి బొత్తాలు కోసి గుడ్డ ముడులు పెట్టారు. కొన్నాళ్ళు కోటు మాల్యాద్రి పక్కన కొయ్యకు వేలాడింది. కొన్నాళ్ళు ఒళ్ళో ఉంది. తర్వాత ఒక భుజం మీద. ఒక పొద్దున లాకు దగ్గరికి పోయేటప్పుడు వాడే తీసి వేసుకున్నాడని చెబుతూ మస్తానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఖాకీ రంగు పోయి పాత పంచెలా ఉన్న ఆ కోటు చూసి సూపర్నెంటు గారు, "గవర్నమెంటు కోటును చింపేశారేంటండీ!" అన్నారట.

"బిళ్ళ చింపలేదు గదా" అన్నారట రెబెక్కమ్మ గారు.

ఓబులేసు చెప్పిన మాట కాలువ వెంట పాకి పట్టపుపాలెం కూడా చేరింది. లాకు కాడ అడిగేది గవుర్మెంటు, దానికి శకునం లేదు. ఈ తీర్పు ఎవరు ఖాయం చేశారో తెలియదు గాని ఊరంతా ఒప్పేసుకుంది. నేను లోలోపల నవ్వుకున్నాను గాని పైకి నవ్వలేదు.

జూలైలో ఒకరోజు చిన్నపోలయ్య ఎండుచేపల మూటలు పడవలో వేసుకుని లాకు దగ్గరికి వచ్చాడు. రెబెక్కమ్మ గారు గట్టు కింద నిలబడి ఉన్నారు. ఆమెకు గొడుగు పట్టుకునే ఉద్యోగంలో నేనూ ఉన్నాను. మాల్యాద్రి చిన్నాయన ముఖం చూడలేదు. ఎవరి ముఖమూ చూడడు కదా.

"ఏ ఊరు? యాడికి? ఏం సరుకు?"

అన్న పోయిన నాటినుంచి ఆ పిల్లవాడి ప్రశ్నకు చిన్నపోలయ్య ఒక్కసారి కూడా జవాబు చెప్పి ఉండడు. బిళ్ళ వైపు చూశాడు. తర్వాత, బిళ్ళను వదిలేసి, పిల్లవాణ్ణి చూశాడు.

"మన ఊరే నాయనా. కృష్ణపట్నం పోతా ఉండా. ఎండుచేపలు. రేపు పొద్దుగూకే లోపల ఇంటికొచ్చేస్తా."

మాల్యాద్రి తలాడించాడు. వెనక తలుపు మూశాడు, నీళ్ళు సమానమయ్యేదాకా చూశాడు, ముందు తలుపు తీశాడు. పడవ సాగిపోతుంటే చిన్నపోలయ్య తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. మఠం మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి కాలంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అలాంటి పిల్లల్ని చెయ్యి పట్టుకుని రెబెక్కమ్మ గారి దగ్గరికి తీసుకొచ్చారు. కొందరికి పని దొరికింది, కొందరికి దొరకలేదు. దొరకనివాళ్ళ పేర్లు ఆమెకు బాగా గుర్తు. కాని మాల్యాద్రి సంగతికి వస్తే, ఆ ఏడాది చివర సూపర్నెంటు గారు వాణ్ణి పక్కా లస్కరుగా వేయించారు. ఆ తర్వాత కూడా ఆమె పొద్దున్నే లాకు దాకా నడవడం మానలేదు. వాడికి ఇంక మీరు అక్కర్లేదు కదండీ అంటే, "మీకేం తెలుసు?" అని నన్ను కసిరేవారు.

ఒక పొద్దున నాకు సమితి ఆఫీసులో పనిపడి ఆమెతో బయలుదేరాను. మంచు ఇంకా విడలేదు. ఆమె గొడుగు చంకలో పెట్టుకుని, గట్టెక్కి లాకు తలుపుల మీది నడక బల్ల మీద కాలు పెట్టబోయారు. మాల్యాద్రి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. పక్కన సర్కారువాళ్ళు కొత్తగా బోర్డు పాతారు. వాడు నీళ్ళవైపే చూస్తూ దాన్ని గట్టిగా చదివాడు.

"పనివారు తప్ప ఇతరులు లాకు మీదికి రాకూడదు. టీచరమ్మా, మీరు ఇతరులు. బడికి పోండి."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఎవుర్రా ఇతరులు?" అని అరిచారు. వాడు బోర్డు ఇంకోసారి చదివాడు, ఇంకా గట్టిగా. గట్టు మీద కూర్చున్న ఓబులేసు తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. రెబెక్కమ్మ గారు బోర్డు వైపు చూశారు, కోటు వేసుకుని నిలబడ్డ మాల్యాద్రి వైపు చూశారు. కాలు వెనక్కి తీసుకుని గట్టు దిగిపోయారు.

నా పడవ సంగతి మరిచిపోయి నేను ఆమె వెనకాలే నడిచాను. సరుగుడు తోపులోకి వచ్చాక ఆమె ఆగి, ఒక చెట్టును పట్టుకుని నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి.

"ఏడుస్తున్నారా?" అన్నాను.

"ఏడవక? ఆ మాట వాడి చేత అనిపించేదానికే గదా ఇన్నాళ్ళూ నడిచింది" అన్నారు. ఏడుస్తూనే నవ్వారు. కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులు విప్పి చేతపట్టుకుని బడి వైపు నడిచారు.

మర్నాడు ఆమె లాకుకు పోలేదు.